దారాలవీధి జాకెట్టు

సూర్యాంబ గారిని ప్రశ్న అడగడమంటే చేజేతులా పని తెచ్చుకోవడమేనని దారాలవీధిలో అందరికీ తెలుసు. నలభై ఏళ్ళపాటు ఆ వీధిలోనే మేడమీద గదిలో కుట్టుపని నేర్పిన మనిషి ఆవిడ. "మెడ దగ్గర ఎందుకు లాగుతోందండీ?" అని ఏ పిల్లైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు. ఆ జాకెట్టే చేతికిచ్చి మొత్తం విప్పమనేవారు. సగం విప్పేసరికి తప్పెక్కడుందో ఆ పిల్లకే తెలిసిపోయేది. తెలియకపోతే మళ్ళీ కుట్టి, మళ్ళీ విప్పాల్సిందే. అందుకని ఆవిడ శిష్యురాళ్ళు కత్తెర ఎంత ధారాళంగా వాడినా ప్రశ్నలు మాత్రం పొదుపుగా వాడేవారు.

ఆ పొదుపు నూకరత్నానికి మాత్రం అబ్బలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చినా, సొంత టైలరింగు కొట్టు పెట్టుకున్నా, ఏ సంబరమొచ్చినా ఏ భయమేసినా ఆమె కాళ్ళు ముందు టీచరు గారి మెట్లే ఎక్కేవి. ఆ గురువారం పొద్దున సంబరమూ భయమూ రెండూ కలిసి వచ్చాయి. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, రొప్పుతూ, చంకలో ఉన్న కాగితపు చుట్టని నేలమీద పరిచేసింది.

"చూడండి టీచరు గారూ! వీధి మొదట్లో పెద్ద ద్వారం అండి. పొడుగునా రంగు దీపాలు. షట్టర్లన్నిటికీ ఒకటే నీలం రంగు. కూర్చోడానికి బల్లలు. ఇదుగో ఇక్కడ గోడమీద రెక్కలు గీయిస్తామండి, మధ్యలో నిలబడి ఫొటోలు దిగుతారు. మున్సిపాలిటీ వాళ్ళు సరేనన్నారు! వీధి ఉంటే చేస్తామన్నారు."

'ఉంటే' దగ్గరికొచ్చేసరికి ఆమె గొంతు సన్నబడింది. ఇరవయ్యారు కొట్ల ఆ వీధిలో సగం షట్టర్లు ఎప్పుడు తెరుస్తారో ఎప్పుడు వేస్తారో తెలియకుండా ఉన్నాయి. ఒక కంపెనీ వాళ్ళొచ్చి వీధి మొత్తం మాకిచ్చేయండి, కాంప్లెక్సు కడతాం అంటున్నారు. ఆదివారం సాయంత్రం కొట్లవాళ్ళ సంఘం సమావేశం. పద్నాలుగు చేతులు లేస్తే దారాలవీధి ఇంక లేనట్టే. రత్నం ఆ సంఘానికి ఈ ఏడే కార్యదర్శి అయింది. ఆమెకి ఆ కొట్టు తప్ప ఇంకో బతుకు లేదు, ఆ వీధి తప్ప ఇంకో వీధి తెలీదు.

"ఇవన్నీ పెడతామని చెబితే అందరికీ ధైర్యం వస్తుందాండీ? మన వీధి మళ్ళీ లేవాలంటే ఇంకేం కావాలో మీరే చెప్పండి."

సూర్యాంబ గారు ఆ కాగితం వంక చూడనైనా చూడలేదు. పెట్టె తెరిచి ఒక జాకెట్టు ముక్క తీసి రత్నం చేతిలో పెట్టారు. అది వంకాయ రంగూ కాదు, నేరేడుపండు రంగూ కాదు, రెండిటి నడుమ ఏదో మొండి రంగు.

"ఇది కుట్టిపెట్టు. రేపు దీపాలవేళకి కావాలి. కత్తెరా మిషనూ నీవి. ఇంక నీ కొట్లో సరుకేదీ ముట్టుకోకు. వీధి దాటి పోకు, ఫోను చేసి తెప్పించకు. వీధిలో ఇంకొకరు చేసే పని నువ్వు చెయ్యకు."

"ఓస్, ఇంతేనాండీ!" అనేసి రత్నం గబగబా మెట్లు దిగింది. ఎంత తేలిక పనో అనుకుంది, పాపం.

ముందు లైనింగు కావాలి. రహంతుల్లా గారి మాచింగ్ సెంటరు ఆమె కొట్టుకి ఎదురుగానే ఉంది. ఒకప్పుడు ఆ కొట్టు ముందు రంగురంగుల గుడ్డలు వేలాడేవి. ఇప్పుడు ప్లాస్టిక్ బక్కెట్లు, ఫోను కవర్లు, చీపుళ్ళు వేలాడుతున్నాయి. పైన 'అన్నీ దొరుకును' అని బోర్డు. ఆ మాటకొస్తే వీధిలో సగం కొట్లకి అదే బోర్డు.

ఆయన ఫోనులోంచి తలెత్తి, "ఆదివారం చెయ్యెత్తొద్దని చెప్పడానికొచ్చావా రత్నమ్మా? నేను కంపెనీ వాళ్ళకి మాటిచ్చేశానమ్మా," అన్నాడు.

"అది కాదు భాయిగారూ. లైనింగు కావాలి."

"ఎవరికి?"

"నాకే."

రహంతుల్లా ఫోను పక్కన పెట్టాడు. కోపంగా కాదు, వింతగా చూశాడు. "మూడేళ్ళయింది నువ్వొచ్చి లైనింగు అడిగి. పట్నం నుంచి తెప్పించుకున్న గుడ్డల మూటలు నా కొట్టు ముందు నుంచే మోసుకెళ్ళి నీ కొట్లో దించుతుంటే చూస్తూ కూర్చున్నాను. సరేలే అని నేనూ బక్కెట్లు పెట్టుకున్నా."

రత్నానికి తల తీసేసినట్టయింది. మూడేళ్ళా? అక్కడే నిలబడి వెనక్కి లెక్కేసుకుంది. దారం, హుక్కులు పట్నం నుంచి వస్తాయి. బియ్యం, పప్పు ఫోనులో నొక్కితే ఇంటికొస్తాయి. పండక్కి తనకి చీర కూడా పట్నం మాల్‌లోనే కొనుక్కుంది. 'మన వీధిలోనే కొనండి' అని ఆమే పెద్ద బ్యానరు కట్టించింది, దాన్నీ పట్నంలోనే అచ్చేయించింది! తనొక్కతే కాదు. రహంతుల్లా గారింట్లో జాకెట్టు ఈ వీధిలో ఎవరైనా కుట్టారా? కిరాణా సుబ్బారాయుడు గారి కాలికి చెప్పులు ఈ వీధివేనా? ఎవరికి వారే యమునా తీరే. జనం రావడం లేదని గుమ్మాల్లో కూర్చుని ఏడ్చేవాళ్ళలో ఒక్కరూ పక్క గుమ్మం తొక్కలేదు.

"ఏదీ, ముక్క ఇటివ్వు," అన్నాడు రహంతుల్లా. మాచింగు చూసేవాడు దీపం వెలుగుని నమ్మడు. ముక్క పట్టుకుని వీధిలోకి ఎండలోకొచ్చాడు. బక్కెట్ల కింద నుంచి లైనింగు పెట్టెలు లాగాడు, దుమ్ము దులిపాడు. ఒకటి పెట్టి చూశాడు, కాదన్నాడు. రెండోది, మూడోది. ఏడో గుడ్డ పక్కన పెట్టేసరికి ఏ ముక్క ఏదో తెలియలేదు. "అదీ!" అని తొడ చరిచాడు. ఆయన మొహంలో అంత వెలుగు రత్నం చూసి ఎన్నాళ్ళో అయింది.

దారం మాత్రం దొరకలేదు. "ఈ రంగు దారం ఎవడూ చెయ్యడమ్మా. పోలయ్య చేత అద్దించాలి. పద, నేనూ వస్తా. వాడి చెయ్యి మంచిదే గానీ కన్ను నమ్మలేం," అని షట్టరు సగం దించి ఆమె వెంట బయల్దేరాడు.

రంగుల పోలయ్య వీధి చివర చల్లారిన రాగి అండా పక్కన బీడీ కాల్చుకుంటున్నాడు. "ఒక్క దారపుండ కోసం అండా కాచమంటారేటండీ? ఎవరైనా వింటే నవ్వుతారు."

"టీచరు గారి జాకెట్టుకి, పోలయ్యా."

"సూర్యాంబ గారిదా! ఆ ముక్క ముందే సెప్పొద్దేటండీ?" అని లేచి లుంగీ ఎగ్గట్టాడు.

కట్టెలున్నాయి, రంగు నిలవడానికి వేసే ఉప్పు లేదు. ఉప్పు కోసం పోలయ్య సుబ్బారాయుడు గారి కిరాణా కొట్టుకి వెళ్ళాడు. వాళ్ళిద్దరూ ఎదురుపడితే పలకరించుకుంటారు గానీ, పోలయ్య ఆ కొట్లో సరుకు కొని ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు. సుబ్బారాయుడు ఉప్పు తూచి, "అండా కాస్తున్నావా? అయితే ఉండు, మా ఆవిడ వెలిసిపోయిన చీర ఒకటి మూలనుంది, అదీ ముంచుదువుగాని," అని ఇంట్లోకి పరిగెత్తాడు. ఆ మాట విన్న గాజుల కొట్టావిడ రెండు లంగాలు తెచ్చింది. రహంతుల్లా అమ్ముడుపోని తాను ఒకటి భుజాన వేసుకొచ్చాడు. దారపుండ కోసం కాగిన అండాలో సాయంత్రానికి పద్నాలుగు గుడ్డలు మునిగి తేలాయి. వీధికి అడ్డంగా తాళ్ళు కట్టి ఆరేస్తే, ఆ మొండి రంగు ఏటవాలు ఎండలో ధగధగా మెరిసిపోయింది. ఆవిరి, కట్టెల పొగ, కేకలు! సైకిళ్ళు ఆగాయి, స్కూటర్లు ఆగాయి. "ఏటండీ, ఏటవుతుంది? మావీ ఏత్తారేటండీ?" అని అడిగేవాళ్ళకి పోలయ్య జవాబు చెప్పలేక, మోచేతుల దాకా రంగుతో పెళ్ళికొడుకులా మురిసిపోయాడు.

మర్నాటికి జాకెట్టు కుట్టడం అయింది. మిగిలింది కాజాలు. అక్కడ మాత్రం రత్నం కాళ్ళు కదల్లేదు.

హుక్కు తగిలించే ఆ చిన్న చిన్న దారపు కాజాలు చేత్తో కుట్టడంలో గవరమ్మకి సాటి ఎవరూ లేరు. ఏ టైలరు కుట్టిన జాకెట్టైనా చివరికి ఆవిడ అరుగు మీదికే చేరేది. కాజాలతో సహా తయారైన హుక్కుల పట్టీలు రాగానే రత్నం జాకెట్లు పంపడం మానేసింది. మిగతావాళ్ళూ మానేశారు. అప్పట్నుంచీ రత్నం ఆ అరుగు ముందు నుంచి రోజూ తల వంచుకునే పోతోంది. ఇప్పుడు వెళ్ళి జాకెట్టు చాచింది.

గవరమ్మ కళ్ళజోడు సర్దుకుని, కుట్టు మీద వేలు పెట్టి చూసి, మెల్లిగా అంది. "మానేసినందుకు కాదే రత్నం. మానేస్తున్నానని ఒక్కమాట సెప్పావు కాదు. రేపొత్తాయి రేపొత్తాయని సూది పట్టుకుని కూచున్నాను."

రత్నం ఆ అరుగు మీదే కూర్చుని వీధిలో జనం చూస్తున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చేసింది. గవరమ్మ ఆమె నెత్తిన చిన్నగా మొట్టి, సూదిలో దారం ఎక్కించింది. "ఏడుపాపి వెలుతురుకి అడ్డం జరుగు, ఆరు కాజాలెయ్యాలి." ఆవిడ వేస్తుండగానే రంగుగుడ్డల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఆగి, "చేతి కాజాలేనా అవి? మావీ వేస్తారా అమ్మా?" అన్నారు. రత్నానికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

శనివారం ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. సుబ్బారాయుడి భార్య రంగేసిన చీర పట్టుకుని ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చింది. గాజుల కొట్టావిడ లంగాలకి అంచు కోసం రహంతుల్లా దగ్గరికి వెళ్ళింది. రహంతుల్లా ఇంట్లో ఆడవాళ్ళ జాకెట్లు నాలుగు రత్నం బల్ల మీదికొచ్చాయి. కొట్లవాళ్ళే ఈ గుమ్మం ఎక్కి ఆ గుమ్మం దిగుతుంటే, దారిన పోయేవాళ్ళు 'ఇక్కడేదో తగ్గింపు పెట్టినట్టున్నారు' అని వాళ్ళూ ఎక్కారు.

ఆదివారం సాయంత్రం సంఘం గదిలో కంపెనీ మనిషి కాగితాల సంచీ, మిఠాయి పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిదిమంది వచ్చారు. గంట గడిచినా తొమ్మిదిమందే. రత్నం లేచింది. కార్యదర్శి కాబట్టి, తనకి ఎదురు చెయ్యెత్తేవాళ్ళని పిలవాల్సింది కూడా తనే. వెళ్ళింది.

రహంతుల్లా నడివీధిలో నలుగురు ఆడవాళ్ళ మధ్య, పొద్దు వాలిపోయేలోగా రంగు చూపించాలని రెండు చేతుల్లో రెండు తానులు పట్టుకుని ఉన్నాడు.

"భాయిగారూ, సమావేశం..."

"ఏ చెయ్యి ఎత్తమంటావమ్మా? ఇదా, ఇదా?"

ఇంకో ముగ్గురి దగ్గరా ఇంచుమించు అదే జవాబు. పోలయ్యైతే, "కంపెనీ ఆయన్ని ఇటే రమ్మనండి, సొక్కా రంగేసి పంపుతాను," అన్నాడు. కంపెనీ పెద్దమనిషి చివరికి వచ్చే నెల మళ్ళీ వస్తానని సంచీ మూసుకుని, మిఠాయి పెట్టె మరిచిపోకుండా తీసుకుని వెళ్ళిపోయాడు.

రత్నం టీచరు గారి మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఆనందం పట్టలేక మధ్యలో రెండుసార్లు గిర్రున తిరిగింది. సూర్యాంబ గారు శుక్రవారం అందుకున్న జాకెట్టుని లోపలివైపు తిప్పి, కాజాలు ఒక్కొక్కటే గోటితో లాగి చూసుకుంటున్నారు.

"వచ్చే నెల మళ్ళీ వస్తాడు కదే," అన్నారు.

"రానివ్వండి! వీధి నిండా జనం టీచరు గారూ! మొన్నటిదాకా ఒక్కరు లేరు. ఇంతమందీ ఎక్కణ్ణుంచి వచ్చారంటారు?"

"రోజూ ఇటే పోయేవాళ్ళేనే. మెట్టెక్కే మనిషి ముందొకరు కనబడాలి."