సాంచాల షెడ్డు బోర్డు

మూడేళ్లు వెంట తిరిగినా కరెంటు ఉస్తాద్ మొయినుద్దీన్ తన శిష్యుడు రాజేశాన్ని ఒక్కసారి కూడా ఒంటరిగా పనికి పంపలేదు. రాజేశానికి అదే దిగులు. దిగులు కంటే రోషం ఎక్కువ.

సిరిసిల్లలో ఇరవై నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే నేత షెడ్డుకు కొత్త కరెంటు బోర్డు పెట్టాల్సి వచ్చింది. ఉస్తాద్ ఆ పని మొత్తం అతనికే వదిలాడు.

"ఇది మంచిగ చేస్తే నీ దారి నీది" అన్నాడు.

రాజేశం రెండు రోజులు తిండి మరిచి బిగించాడు. మూడోనాడు పొద్దున సాంచాలన్నీ నడుస్తుంటే ఉస్తాద్‌ను పిలిచి చూపించాడు.

"మెయినుకు, కింది లైన్లకు అన్నిటికీ ఒక్కటే సైజు బ్రేకర్లు పెట్టిన ఉస్తాద్. ఏ మూలకు తేడా వచ్చినా షెడ్డంత బంద్ అయితది. ఇగ భయమే లేదు!"

నూలు చుట్టే పాత కండెల మిషన్ ఒకటి మోటారు కాలిపోయి మూలన పడి ఉంటే ఉస్తాద్ దాని ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు.

టప్పుమని మెయిన్ బ్రేకర్ పడింది. సాంచాలన్నీ ఒక్కసారే ఆగాయి. ఎన్నో పోగులు తెగాయి.

ముసలి నేతగాడు నర్సయ్య లేచి వచ్చాడు. "గా మూల మిషన్ కరాబైతే నా సాంచ ఏం పాపం చేసింది బిడ్డా?"

"పో, పోగులు అతుకు" అన్నాడు ఉస్తాద్ రాజేశంతో.

మధ్యాహ్నం దాకా ఒక్కో సాంచ దగ్గరా కూర్చుని ముడులు వేశాడు రాజేశం. సిగ్గుతో తల ఎత్తలేదు. "చెయ్యి మంచిగనే తిరుగుతుంది. మాతోనే ఉండరాదు?" అని నర్సయ్య ఆటపట్టిస్తే అందరూ నవ్వారు. చివరికి అతనికీ నవ్వొచ్చింది.

ముడులయ్యాక, ఎవరూ చెప్పకుండానే బోర్డు విప్పాడు. కింది లైన్లకు వాటి తీగలకు తగ్గ చిన్న బ్రేకర్లు పెట్టాడు. మెయినుకు మాత్రం వచ్చే కేబుల్ మోయగలిగినంత పెద్దది, కాస్త ఓపిక పట్టి పడేది తెచ్చి బిగించాడు. సాంచాలు మళ్లీ నడిచాయి. ఈసారి కండెల మిషన్ ప్లగ్గు తనే పెట్టాడు.

మూల లైనుకున్న చిన్న బ్రేకర్ ఒక్కటే టక్కున పడింది. షెడ్డంతా దడదడా నడుస్తూనే ఉంది. నర్సయ్య ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

రాజేశం ఎగిరి గంతేసినంత పని చేశాడు. అంతలోనే ముఖం చిన్నబోయింది.

"ఇంత చేస్తే ఒక్కరు గూడ ఇటు చూడలే ఉస్తాద్!"

ఉస్తాద్ పకపకా నవ్వి అతని భుజం తట్టాడు.

"రేపటి సంది ఒక్కనివే పో."