నల్లరాతి నడుమ తెల్లపొర

ఈ నల్లరాతి సంగతి నాకు తెలిసినంత భూమ్మీద ఇంకెవరికీ తెలీదు బుజ్జీ. సరేలే, సగం మేస్త్రి చెప్తే విన్నదే. మిగతా సగం నేను కలిపింది.

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి వెనక ఒక రాతి క్వారీ. మనుషులు పుట్టకముందు అక్కడ నేల నెర్రెలిచ్చి, లోపలి నిప్పు పెనం మీద అట్టుపిండిలా పరుచుకుంది. చల్లారి నల్లరాయైంది. ఆ తర్వాత సముద్రం వచ్చి, గుల్లలూ నత్తలూ వదిలి వెళ్ళింది. అవి తెల్లటి పొరగా పేరుకున్నాయి. అప్పుడు మళ్ళీ నిప్పు పారి ఆ పొరని కప్పేసింది.

మొదట్లో జనం ఆ నల్లరాతితో రోళ్ళు చెక్కుకున్నారు. ఆ తర్వాత కొందరు పక్కనుంచి బొరియలు తవ్వి, గుల్ల తీసి సున్నం కాల్చుకున్నారు. నా రోజులకి రైలుకట్ట కంకర కోసం మందు పెట్టి పేల్చేవారు. రోళ్ళు చెక్కేవాడు ఒక్కడే మిగిలాడు. అందరూ రోళ్ళాయన అనేవారు.

పేల్చేముందు మూడు ఈలలు వెయ్యాలి. ఆ పని నాది. పదహారేళ్ళదాన్ని. రెండు ఈలలకే అందరూ పైకి పరిగెత్తేవారు. రోళ్ళాయన మాత్రం మూడోది వినందే ఉలి దించేవాడు కాదు.

ఒకరోజు మూడు గుంతల్లో మందు దట్టించి, ఒత్తులంటించి, మేస్త్రి వీరాసామి పైకొచ్చేశాడు. ఒకటి పేలింది. రెండోదీ పేలింది. మూడోది పేలలేదు.

అప్పుడు పొగలోంచి దగ్గు వినబడింది. రోళ్ళాయన కిందే ఉన్నాడు. పైకొచ్చే దారి రాళ్ళతో మూసుకుపోయింది. పేలని గుంత సరిగ్గా ఆయన తల మీద. ఒత్తి ఆరిపోయిందో, లోపల పాకుతూనే ఉందో ఎవరికి తెలుసు.

నేను దిగబోతే మేస్త్రి జడ పట్టుకు ఆపాడు. "దిగావంటే ఇద్దరూ పోతారే పిల్లా" అన్నాడు.

అప్పుడు నాకా పాత సున్నపు బొరియలు గుర్తొచ్చాయి. "ఎడం పక్క గుల్ల తవ్వయ్యా, బొరియ తగులుద్ది" అని అరిచాను. నల్లరాయి అంత తొందరగా లొంగదు గానీ, గుల్ల పిండిలా రాలుతుంది. టక్, టక్, టక్. ఆ తర్వాత చప్పుడాగిపోయింది.

చాలాసేపటికి, క్వారీ అవతల బొరియలోంచి ఒళ్ళంతా తెల్లగా పాక్కుంటూ వచ్చాడు. లేచి నిలబడేలోపే మూడోది పేలింది. ఆయన నక్కిన గోడంతా కూలిపోయింది.

ఇప్పుడా క్వారీ నిండా నీళ్ళు. చేపలు పెంచుతున్నారు.

తనకి చెవుడొచ్చి ఈల వినబడలేదనుకుని, రోళ్ళాయన వారం రోజులు చెవుల్లో ఆముదం పోయించుకున్నాడు. వెచ్చచేసి పోసింది నేనే. తర్వాత పెళ్ళి చేసుకుందీ నేనే. అవునే, మీ తాతయ్యే.

ఆయనకి చెవుడూ లేదు, ఏమీ లేదు. నేనే మూడో ఈల వెయ్యలేదు. రెండు వేసి, బెల్లంజీడి నోట్లో పెట్టుకున్నాను. పళ్ళు అతుక్కుపోయాయి.

కథ కంచికి పోవాలి, గుట్టు నీ కడుపులో దాగాలి.