గట్టు మీద గడ్డి

వరి పండించడంలో దస్తగిరి చేయి తిరిగినవాడని అందరూ అనేవాళ్లు. ఆ మాట మొదట అన్నది మాత్రం దస్తగిరే. దర్గా పొలానికి పేడ ఎరువు తట్టలకు తట్టలు దిమ్మరించేవాడు. గట్టు మీద గడ్డిపోచ కనబడితే చాలు, పారతో చెక్కి నున్నగా చేసేవాడు.

ఒకనాడు పోలమ్మ వచ్చి, చచ్చిన చేపల గంపను దర్గా గుమ్మంలో దించింది. పొలం కింది కుంటే ఆమెకు జీవనాధారం. నీళ్లు పచ్చగా తెట్టు కట్టి, చేపలు ఊపిరాడక తేలిపోతున్నాయి.

"ఇంగ నా పిల్లోల్లకి ఏం పెట్టాల సామీ?" అని కూలబడింది.

దస్తగిరి మనసు చివుక్కుమంది. "ఎవురి దిష్టో తగిలింది బాబా. మీరు దువా చదివి ఆ నీళ్లలో ఊదండి," అన్నాడు.

దస్తగిరి గురువు, దర్గా పెద్ద జలాల్ షా మాటల్లో మహా పొదుపరి. "వాన రానీ," అన్నాడు.

వాన వచ్చింది. బాబా రెండు ముంతలు తీసుకుని శిష్యుణ్ణి పొలానికి నడిపించాడు. చెక్కిన గట్టు మీంచి దూకే నీళ్లు ఒక ముంతలో పట్టాడు. ఎర్రటి బురద, పైగా పేడ వాసన.

పొలానికి రెండో పక్క ఖబరస్తాన్. సమాధుల మధ్య గడ్డిని ఎవరూ కోయరు. అదే మడి నీళ్లు ఆ గడ్డిలో దూరి, నింపాదిగా అవతలికి వస్తున్నాయి. బాబా రెండో ముంత నింపాడు. ముంత అడుగు కనబడుతోంది.

దస్తగిరి మోకాళ్ల మీద కూర్చుని గడ్డిని పాయలుగా విడదీశాడు. తన ఎరువంతా అక్కడే, వేళ్ల మొదట్లో నల్లగా పేరుకుని ఉంది. ఇన్నేళ్లూ తాను చెక్కి పారేసింది ఈ గడ్డినా!

"కుంటను చెరిపింది నేనే, బాబా."

"పైరు తినలేనంత పెట్టినావు బిడ్డా."

దస్తగిరి వాగు ఒడ్డుకు పరుగెత్తి, గడ్డి దుబ్బుల్ని వేళ్లతో సహా పెకలించి తెచ్చాడు. వానలో తడుస్తూనే బోసి గట్టు మీద నాటసాగాడు. మొదటి దుబ్బు దగ్గర నీళ్లు ఆగి, తడబడి, నెమ్మదించాయి.

"దువా ఎప్పుడు చదువుతారు బాబా?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

జలాల్ షా వంగి, గడ్డి దగ్గర చెవి ఆనించాడు.

"విను. చదువుతా ఉంది."