తలా ఒక చుక్క

"వంద కంప్యూటర్లున్నప్పుడే నయం మేడం! ఐదొందలు తగిలించాక ఇంకా నీరసంగా నడుస్తోంది. ఇదేం విడ్డూరం?"

సింహాద్రికి ఏడుపొక్కటే తక్కువ. అల్పపీడనం పట్టినప్పుడు ఏ ఊరి దగ్గర సముద్రం ఎంత ఎగుస్తుందో లెక్కగట్టడం అతని పరిశోధన. కాలేజీల్లో ఖాళీగా ఉన్న కంప్యూటర్లన్నిటినీ నెట్‌లో కలిపి, తీరాన్ని ముక్కలుచేసి వాటికి తలా కాస్త పంచాడు. కరెంటులాగే, స్విచ్ వేస్తే కావలసినంత బలం వస్తుందని ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు పట్టిన అల్పపీడనానికి, సాయంత్రం పడవలు దించేలోగా లెక్క చెబుతానని చేపల వేటకెళ్లే చిన్నాన్నకి మాట కూడా ఇచ్చేశాడు, మహానుభావుడు!

"ఇంకో ఐదొందలు అద్దెకు తీసుకుందాం మేడం."

వకుళ మేడం బీరువాలోంచి ముగ్గుపిండి డబ్బా తీసింది. గుమ్మంలో ముగ్గు లేనిదే ఆవిడ ల్యాబు తలుపు తెరవనివ్వదు. ఆ రోజు మాత్రం విద్యార్థులందర్నీ వరండాలోకి పిలిచింది.

"చుక్కలు పెట్టండి."

చిటికెలో వరండా నిండిపోయింది. సింహాద్రి ముఖం వెలిగింది. "చూశారా! మంది ఉంటే ఎంతసేపు!"

"సరే. ఇప్పుడు మెలికలు తిప్పండి. తలా ఒక చుక్క."

అంతే, గోల మొదలైంది.

"నీ గీత ఎటు పోతోందే?"

"ముందు నువ్వు తిప్పు, తర్వాత నేను కలుపుతా."

"అయ్యో, నా చుక్క తొక్కేశావురా!"

పిండి పట్టుకున్న చేతులన్నీ పక్కవాళ్ల కోసం ఆగిపోయాయి.

"నలుగురు చాలు, మిగతావాళ్లు లేవండి," అంది మేడం. నలుగురూ తలో మూలా తీసుకున్నారు. అంచుల దగ్గర మాత్రం ఒకర్నొకరు అడుగుతూ ముగ్గు పూర్తిచేశారు.

సింహాద్రి గీతలు కలిసినచోటే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత లోపలికి పోయి చాలా కంప్యూటర్లని తీసేశాడు. మిగిలినవాటికి పెద్దపెద్ద ముక్కలు ఇచ్చాడు. లెక్క చకచకా కదిలింది.

"సాయంత్రానికి అందుతుందా?" అడిగింది మేడం.

"అందదు మేడం. ఈ గంటకి సముద్రం ఎంత ఎగుస్తుందో తేలితేగానీ పై గంట లెక్క మొదలవదు. ఎన్ని పెట్టినా రేపు పొద్దున్నే."

"మరి మీ చిన్నాన్న?"

సింహాద్రి సిగ్గుపడుతూనే ఫోన్ చేశాడు.

"చిన్నాన్నా, నేను కోతలు కోశాను. లెక్క ఇంకా తేలలేదు. తేలేదాకా పడవ దించొద్దు, నీకు దణ్ణం పెడతాను."

"అన్నేసి కంప్యూటర్లున్నాయన్నావు గదరా?"

"ఉన్నాయి చిన్నాన్నా," అన్నాడు సింహాద్రి. "సముద్రం ఒక్కటే."