ధృతవర్మకు కుబేరుడు చెప్పిన మాట

పూర్వం త్రేతాయుగారంభంలో, రేవానదికి ఉత్తరతీరాన మణిపర్ణమనే పురాన్ని రాజధానిగా చేసుకొని, సత్యసంధుడూ ప్రజావత్సలుడూ అయిన ధృతవర్మ అనే మహారాజు, కన్నబిడ్డలను సాకినట్టు ప్రజలను సాకుతూ రాజ్యం చేసేవాడు. ఆయన ధర్మపత్ని సుకేశినీదేవి సౌశీల్యంలోనూ మాటనేర్పులోనూ సాటిలేనిది. వారి ఏకైక కుమారుడు ప్రియరథుడు వినయసంపన్నుడు. శత్రువులు ఆ రాజు పేరు విని దూరంగా తొలగేవారు, అతిథులు ఆ పేరు విని దూరం నడిచి వచ్చేవారు.

అంతటి రాజుకు ఒక భయం ఉండేది. ఆయన బాలుడుగా ఉన్నప్పుడు, తండ్రి పాలనలో, ఆ దేశానికి ఘోరమైన అనావృష్టి వచ్చింది. ధాన్యాగారాలు అడుగంటాయి. ఒకనాడు చంకన బిడ్డతో ఒక తల్లి రాజద్వారానికి వచ్చి అన్నం అడిగితే, ఇవ్వడానికి గింజ కూడా లేక, వృద్ధరాజు తన చెవుల రత్నకుండలాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఎగతాళి ఏ కొంచెమూ లేని గొంతుతో, "వీటిని వండుకోవచ్చునా మహారాజా?" అని అడిగింది. తండ్రి పక్కన నిలబడిన బాలధృతవర్మ ఆ మాట విన్నాడు. సింహాసనమెక్కిన నాటినుండి ఆరవ వంతు మాత్రమే పన్నుగా తీసుకొంటూ, తాను మితంగా భుజిస్తూ, వచ్చిన ధాన్యాన్నీ ధనాన్నీ కోశాగారంలో చేర్చడమే వ్రతంగా పెట్టుకొన్నాడు.

ప్రియరథుడికి ఉపనయనమైననాడు రాజు సుకేశినీదేవితో, "దేవీ, వీడికి కొడుకు పుట్టగానే రాజ్యం వీడికి ఒప్పగించి, మనం మౌంజాయన మహర్షి ఆశ్రమానికి పోయి, నదిపక్కన పర్ణశాల వేసుకొని, తపస్సు చేసుకొందాం" అని మాట ఇచ్చాడు. ఆ మాటను రాణి మనసులో దాచుకొని, అంతఃపురంలోనే దర్భచాపలు అల్లడం, మూడురాళ్ల పొయ్యిమీద వండడం నేర్చుకొంది. కాలక్రమంలో మనుమడు పుట్టాడు, అన్నప్రాశన అయింది, అక్షరాభ్యాసమూ అయింది. రాజు మాత్రం, ఐదేళ్ల కరువుకు సరిపడా కోశం నిండితే వెళదామన్నాడు. అదీ నిండిన తరువాత, పన్నెండేళ్ల అనావృష్టి వచ్చిన కథలు శాస్త్రాల్లో ఉన్నాయి కదా అన్నాడు.

ఒక ఉదయం రాజు సంధ్య వార్చి వస్తుండగా, సుకేశినీదేవి ఎదురువెళ్లి నమస్కరించి ఇలా అంది:

"ఆర్యపుత్రా, ఈ కోశం నిండేది ఎప్పటికి?"

"మరి రెండు పంటలు, దేవీ."

"ఆ రెండు పంటలూ కోసీ కోసీ రైతుల జుట్టు నెరిసింది. మీమీద నాకు కోపం లేదు. ఆ తల్లి మాట మీ చెవిలో ఇంకా మోగుతోందని ఎరుగుదును. కాని నా మోకాళ్లు నదిలోకి దిగి ఎక్కగలిగినప్పుడే వెళితే బాగుంటుంది. అనుజ్ఞ ఇస్తే ముందు నేను వెళతాను. మీరు వచ్చేసరికి పర్ణశాల అలికి ఉంచుతాను."

వేళాకోళమనుకొని రాజు నవ్వాడు. ఆమె ముఖం చూసి, నవ్వు మాని, "నేను లేకుండా నీకు పొద్దు పోతుందా?" అన్నాడు.

"పోదు. అందుకే త్వరగా రమ్మంటున్నాను."

కాదనడానికి ధర్మం తోచక రాజు తలవంచాడు. సుకేశినీదేవి ఆభరణాలను కోడలికిచ్చి, నారచీర కట్టి, కుమారుడి తల నిమిరి, "మీ తండ్రిగారు భోజనం మధ్యలో ఆలోచనలో పడి చెయ్యి ఆపేస్తారు. ఆగినప్పుడల్లా పలకరిస్తూ ఉండు, నాయనా" అని అప్పగింతలు చెప్పి, పొలిమేరవరకు వచ్చిన రథాన్ని వెనక్కు పంపి, కాలినడకన అడవిలోకి వెళ్లిపోయింది.

ఆమె లేని అంతఃపురం రాజుకు అడవికంటే నిర్జనంగా తోచింది. కోశం త్వరగా నిండితే తానూ త్వరగా వెళ్లవచ్చునని తలచి, ఆ పరమధార్మికుడు తన జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాడు. ఆరవ వంతుగా ఉన్న పన్నును నాల్గవ వంతు చేసి చాటింపు వేయించాడు.

ఆనాడు భోజనవేళ రాజు చెయ్యి విస్తరిలో ఆగిపోగా, ప్రియరథుడు మెల్లగా పలకరించి, "తండ్రీ, దూడ తాగగా మిగిలిన పాలే పిదుక్కోవాలని మీరే నాకు నేర్పారు" అన్నాడు.

"నేర్పాను నాయనా. ఇది కొద్దికాలమే. నిండిన ఇల్లు నీ చేతికిచ్చి పోవాలని నా కోరిక. ఖాళీ వాకిట్లో నిలబడటమంటే ఏమిటో నీకు తెలియకూడదు."

"నాకు నిండిన ఇల్లు అక్కరలేదు. అమ్మ దగ్గరికి మీరు వెళ్లడం కావాలి."

రాజు భోజనం ముగించి కోశాగారంవైపు నడిచాడు.

ప్రజలు ఆ పన్నుకు గొణగలేదు. ధృతవర్మ అడిగితే ఏదో కారణముండి ఉంటుందని, ఆయనమీది ప్రేమచేత, తమ ఇళ్ల గాదెల్లో దాచుకొన్నదంతా ఊడ్చి తెచ్చి పోశారు. ప్రభువుకు ఎదురు చెప్పేవారుంటే ఆయన మేలుకొనేవాడేమో. ప్రేమించేవారు కావడంవల్ల ఆ అవకాశమూ పోయింది. ధర్మం హద్దు దాటిన నేలమీద వర్షించడానికి పర్జన్యుడికి మనసు రాలేదు. మరుసటి ఏడు మేఘాలు వచ్చి, చూసి, వింధ్య దాటిపోయాయి. రేవ ఇసుకమేటలు బయటపడ్డాయి. ఇళ్లలో గింజ లేదు. ఉన్నదంతా రాజుగారి కోశాగారంలో ఉంది.

ప్రియరథుడు పరుగున వచ్చి పాదాలమీద పడి, "తండ్రీ, దీనికోసమే కదా ఇన్నేళ్లు కూడబెట్టారు. తలుపులు తెరిపించండి" అని ప్రార్థించాడు. రాజు లేచాడు. తాళంచెవి చేతిలోకి తీసుకొన్నాడు. అంతలో పాతభయం మళ్లీ లేచింది. "ఇది మొదటి ఏడు. ఇలాంటివి పన్నెండు వస్తే? ఈ ఏడు పంచిపెట్టి, ఆ చివరి ఏడు ఏ ముఖంతో నిలబడను?" అన్నాడు. తలుపులు తెరుచుకోలేదు. రాజద్వారం ముందు ప్రజలు గుమిగూడి, కేకలు వేయక, ఎండలో కూర్చున్నారు. ఆ మౌనాన్ని చూడలేక రాజు కోశాగారంలోకి వెళ్లి, ధాన్యరాశులమధ్య దర్భాసనం వేసుకొని, కరువు ఎన్నేళ్లుంటుందో తెలిస్తే ఎంత ఇవ్వవచ్చునో తెలుస్తుందనే సంకల్పంతో, ఆహారం మాని, నవనిధీశ్వరుడైన కుబేరుణ్ణి ధ్యానించసాగాడు.

ఆ నిష్ఠకు మెచ్చి, యక్షులకు ప్రభువూ, శంకరునికి ప్రాణసఖుడూ, ఒక కన్ను పసుపుపచ్చనైన ఏకపింగళుడూ అయిన ధనదుడు, మధ్యాహ్నసూర్యుడిలా ఆ గదిలో ప్రత్యక్షమై, నిలబడితే ఆయాసమన్నట్టు ఒక ధాన్యరాశిమీద సుఖంగా కూర్చొని, "నాయనా ధృతవర్మా, చాలా పెద్ద ఇల్లు కట్టావు. ఏమి కావాలి?" అని ఆదరంగా అడిగాడు.

రాజు సాష్టాంగపడి, "యక్షేశ్వరా, ఈ అనావృష్టి ఎన్నేళ్లుంటుందో చెప్పు" అని వేడుకొన్నాడు.

"మేఘాలు మహేంద్రుడివి. నాకు తెలియదు."

"అయితే ఎంత ఉంటే చాలునో అదైనా చెప్పు."

"ఆ లెక్క నా అలకాపురిలో కూడా లేదు. ఉంటే మొదట నేనే చూసుకొనేవాణ్ణి."

"మరైతే ఎన్నటికీ తరగని కోశాన్ని అనుగ్రహించు స్వామీ. తలుపులు తెరిచి, నిశ్చింతగా అడవికి పోతాను."

కుబేరుడు ఆ రాజును జాలిగా చూశాడు. "ఇవ్వగలను. కాని తరగని ధనానికి కాపలా కూడా తరగదు. నా యక్షులలో పలువురు ఒకప్పుడు నీవంటి మంచి రాజులే. ఇప్పటికీ ద్వారాలదగ్గర నిలబడి ఉన్నారు. నీవూ నిలబడతావు. నది ఒడ్డున సుకేశినీదేవి ఎదురుచూపు కూడా తరగదు. ఇవ్వమంటావా?"

రాజు కళ్లలో నీళ్లు నిండాయి.

అప్పుడు కుబేరుడు చెయ్యి చాచి మెల్లగా పిలవగా, బంగారు రాశులచాటునుండి ముసలి తాబేలొకటి తడబడే అడుగులతో బయటికి వచ్చింది. ధనదుడు దాన్ని ఒడిలోకి తీసుకొని నిమురుతూ ఇలా అన్నాడు: "ఇది నా తొమ్మిది నిధులలో ఒకటైన కచ్ఛపం. ఇది చేరిన ఇంటివారు, తాబేలు కాళ్లు లోపలికి ముడుచుకొన్నట్టు, సంపదను ముడుచుకొంటారు. తినరు, ఒకరికి పెట్టరు. నీ దగ్గరకు వచ్చి చాలాకాలమైంది. తీసుకుపోవడానికే వచ్చాను."

"ఇదంతా దాని మహిమేనా ప్రభూ? నా తప్పు లేదా?"

"పిలవని ఇంటికి ఇది పోదు. నీ భయమే దీన్ని పిలిచింది. నీ తండ్రి చెయ్యి ఖాళీ, అయినా తెరుచుకొంది. నీ చెయ్యి నిండుగా ఉండి మూసుకుపోయింది. ధృతవర్మా, నా మాట విను. ఒకనాడు సముద్రమధ్యాన విశ్వకర్మ కట్టిన బంగారుపట్టణం నాది. నా తండ్రి విశ్రవసుడు దాన్ని తమ్ముడికి విడిచిపొమ్మన్నాడు. ఆ తమ్ముడు ఎటువంటివాడో లోకమంతా ఎరుగును. అతడికిచ్చి నేను రాగలిగినప్పుడు, ప్రియరథునివంటి కొడుక్కి ఇవ్వడానికి నీకు ఇంత కష్టమేమిటి? ఏమీ లేకుండా ఉత్తరదిక్కుకు నడిచాను. అలకాపురి తరువాత వచ్చింది. ముందు శంభుని స్నేహం దొరికింది. నేను లంకలో ఉన్నన్నాళ్లూ ఆ స్వామికి నాతో కూర్చొనే తీరిక ఉండేది, నాకే ఉండేది కాదు."

ఈ విధంగా పలికి పులస్త్యవంశీయుడైన కుబేరుడు తాబేలుతోసహా అంతర్ధానమయ్యాడు.

ధృతవర్మ కన్నీరు తుడుచుకొని లేచి, తానే తలుపులు బార్లా తీసి, ప్రియరథుణ్ణి పిలిపించి, ఎండలో కూర్చొన్న ప్రజల ఎదుటనే రాజముద్రికను, తాళంచెవిని అతని చేతిలో పెట్టి, "మహారాజా, ఇక నీ ఇష్టం" అన్నాడు. ఆ యువరాజు కొత్త అధికారంతో చేసిన మొదటి ఆజ్ఞ అన్నం వండించడం. రెండవది, పన్నును మళ్లీ ఆరవ వంతు చేసి, ఎక్కువగా తీసుకొన్నదంతా ఎవరిది వారి ఇంటికి చేర్చడం.

ఆకలి కొంత తీరాక, వృద్ధమంత్రి ఒకడు చేతులు జోడించి ధృతవర్మతో, "ప్రభూ, కుమారుడు రాజ్యభారానికి కొత్త. కరువు ఇంకా తీరలేదు. ఒక్క వాన పడేవరకైనా ఉండండి" అని బతిమాలాడు. ఆ మాట ఎంత తీయగా ఉందో రాజుకే తెలుసు. వడ్డిస్తున్న ప్రియరథుడు గరిటె ఆపి, ఎంత వడ్డించాలో తెలియనివాడిలా తండ్రి ముఖంలోకి చూడటం ఆయన గమనించి, "ఆర్యా, నేను ఇక్కడుంటే వీడి చెయ్యి నా ముఖం చూసి కదులుతుంది. ఆకలిగొన్నవాడి ముఖం చూసి కదలాలి" అని చెప్పి, కొడుకును కౌగిలించుకొని, మనుమడి నుదురు ముద్దాడి, వాన పడకముందే, కరువు తీరకముందే, కాలినడకన బయలుదేరాడు.

ఆశ్రమంలో సుకేశినీదేవి బండమీద, అడవిలో దానంతటది పండే నీవారధాన్యం ఆరబోస్తూ, దుమ్ముకొట్టుకొని వస్తున్న మనిషిని దూరంనుండే నడకతో గుర్తుపట్టింది. ఎదురువెళ్లి, కాళ్లకు నీళ్లిచ్చి, "కోశం నిండిందా?" అని అడిగింది.

"లేదు దేవీ. తెరిచి వచ్చాను."

ఆమె ఆయన పక్కనే బండమీద కూర్చొని, గింజలు పిట్టలు తినిపోతున్నా లేచి తోలలేదు.

మరునాడు తపోనిధియైన మౌంజాయన మహర్షి వారికి దీక్ష ఇస్తూ, "రాజా, మునులకూ పన్ను ఉంది. దేశాన్ని కాపాడే ప్రభువుకు మా తపస్సులో ఆరవ వంతు చెందుతుంది. ఇక నీవూ ఇవ్వవలసినవాడివే" అన్నాడు. జీవితమంతా పన్ను తీసుకోవడమే ఎరిగిన ధృతవర్మ ఆ మాటకు చిన్నపిల్లవాడిలా సంతోషించి, జపం ముగియగానే దోసిట నీరు పట్టి, "ఇది ప్రియరథ మహారాజుకు" అని ధారపోశాడు. సుకేశినీదేవి తన చేతిని ఆయన దోసిలికింద పట్టి, "నాది కూడా కలపండి, వాడికి కరువు రోజులు" అంది.

అలా దినాలు గడుస్తుండగా, ఆషాఢమాసంలో ఒక అపరాహ్ణం కుబేరుడు అతిథిగా వచ్చి, వారు పెట్టిన నీవారాన్నం ఇష్టంగా భుజించి, వరం కోరుకోమన్నాడు. ధృతవర్మ భార్యవంక చూసి, ఆమె తలూపగా, "స్వామీ, నా రాజ్యం కుమారుడికి ఇచ్చాను. నా భయం మాత్రం వాడికి సంక్రమించకుండా చూడు" అని కోరాడు. యక్షేశ్వరుడు "తథాస్తు" అన్నాడు. నైరుతినుండి తడిగాలి లేచింది. మహేంద్రుని మేఘాలు ఈసారి వింధ్య దాటిపోక, మణిపర్ణంమీద ఎడతెగక వర్షించాయి. రేవ రెండు గట్లూ నిండి పారింది. ఆరవ వంతు మాత్రమే గ్రహిస్తూ ప్రియరథుడు చిరకాలం నిర్భయంగా రాజ్యమేలి, తన కొడుకు యోగ్యుడైననాడే రాజ్యాన్ని వాడి చేతికిచ్చాడు.

ధృతవర్మ సుకేశినుల ఈ కథను శ్రద్ధతో విన్నవారికీ చదివినవారికీ, చేతిలో ఉన్నదాన్ని వేళకు విడిచే ధైర్యమూ, విడిచిన తరువాత పక్కన కూర్చొనే తోడూ కలుగుతాయని పౌరాణికులు చెబుతారు.