నలభయ్యో ఆకు దగ్గర

వెనకటికి ఒక రాజు నాలుగు వందల తాటాకుల కావ్యం రాశాడు. దాన్ని మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లకు తల తీయించడమే శిక్ష అన్నాడు. నెల తిరక్కుండా ఇద్దరు బడిపంతుళ్లు పోయారు. తర్వాతి వంతు పోలమ్మది.

ఆకులకు మసి పూయడం పోలమ్మ పని. గంటంతో గీసిన అక్షరాలు మసి పడితేగాని కంటికి ఆనవు. పూస్తూ చదువుకోవడం ఆమెకు అలవాటు. "నలభై ఆకులకే ప్రాణం విసిగిందే, అక్కడితో ఆపి కట్ట కట్టి పంపేశాను" అని ఆమె పొరుగింట్లో అన్న మాట ఆస్థాన పండితుడు నరహరి భట్టు చెవిన పడింది.

సభలో తలారి కత్తి పట్టుకుని నిలబడ్డాడు. పోలమ్మను అతని ముందు నిలబెట్టారు.

"ఆ కట్టే సభలో అందరం చదివాం ప్రభూ! చివరి ఆకు దగ్గర నాకు ఏడుపాగలేదు. దీనికేం రోగం?" అన్నాడు భట్టు.

"ప్రభూ, ఆ కట్ట ఒక్కసారి విప్పించండి" అంది పోలమ్మ.

విప్పారు. నలభై ఆకుల మీద నల్లటి అక్షరాలున్నాయి. తక్కినవాటికి మసే తగల్లేదు, ఒక్క అక్షరమూ కనబడలేదు. భట్టూ, మంత్రులూ, సేనాపతీ తలలు దించుకున్నారు.

రాజు కట్ట దగ్గరికి వచ్చాడు. "అయితే నా కావ్యం ఒక్కరూ చదవలేదా?"

"బతికున్నవాళ్లలో ఒక మనిషి చదివింది ప్రభూ, నలభై ఆకులు. ఇప్పుడు తమరు నరికిస్తున్నది ఆ మనిషినే."

రాజు ఖాళీ ఆకుల్ని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. తర్వాత కత్తి దించమని తలారికి సైగ చేశాడు.