నూరు బండ్ల కట్టెలు, ఒక వత్తి దీపం

ఒకానొక రాజ్యంలో రాజుగారికి ఆకలి ఎక్కువ, ఓపిక తక్కువ. ఆయన పేరు ఉద్దండదేవుడు.

పట్టాభిషేకం నాడు ఆయన ఒక రాగి గంగాళం చేయించుకున్నాడు. అందులో నలుగురు మనుషులు బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు. రోజూ మధ్యాహ్నం ఆ గంగాళంలో కందిపప్పు ఉడకాలి. కోటలో ఉన్న మూడు వందల మందీ తినాలి, వాళ్లతోబాటే రాజూ తినాలి. అది ఆయన పెట్టుకున్న నియమం. మంచి నియమమే. కాని పప్పు ఉడికేదాకా ఆగడం ఆయనవల్ల అయ్యేది కాదు.

"ఇంకా కాలేదా?" అని వంటశాల గుమ్మంలో నిలబడి అరిచేవాడు.

"నీళ్లు మరుగుతున్నాయి ప్రభూ. పప్పు మెత్తబడాలి" అనేవాడు వంటల పెద్ద చిట్టెన్న.

"మరిగితే చాలదు, ఇంకా వేడెక్కాలి. కట్టెలు రెట్టింపు చెయ్యి!"

చిట్టెన్న రెట్టింపు చేశాడు. పప్పు ఎప్పుడూ ఉడికే వేళకే ఉడికింది. మర్నాడు నాలుగింతలు చేశాడు. మంట చూరుకి అంటుకోబోయింది గాని, పప్పు ఒక్క క్షణం ముందు ఉడకలేదు. నీళ్లు మాత్రం తొందరగా ఇగిరిపోయి గంగాళం అడుగంటింది. రాజు మాడు పప్పు తిని మరీ మండిపడ్డాడు.

ఆస్థాన పండితుడు లంబోదరావధానులు గారు కడుపు సవరించుకుని చెప్పాడు. "మహారాజా, లోపం నీళ్లలో లేదు, కట్టెలో ఉంది. ఇప్పగూడెంలో ముదురు ఇప్పతోపు ఉంది. ఆ చెట్లు కొట్టించి నూరు బండ్ల కట్టె తెప్పిస్తే, నీళ్లు ఏలినవారి మాట విని తీరతాయి."

"అలాగే కానివ్వండి. సోమవారం గొడ్డళ్లు పంపండి" అన్నాడు రాజు.

ఆ మాట విని సభలో దీపాలకి నూనె పోస్తున్న ఒకడు పొయ్యడం ఆపేశాడు. వాడు ఎల్లమంద. కొలువుకూటంలో దీపాలు చూసేవాడు. పగలు కూడా చీకటిగా ఉండే కూటం అది. ఎల్లమందది ఇప్పగూడెమే. అక్కడివాళ్లు ఇప్పపువ్వు ఏరుకుని తింటారు, ఇప్పగింజలు గానుగాడించి నూనె అమ్ముకుంటారు. నలభై ఇళ్లకి ఆ తోపే పొలం, ఆ తోపే గాది. చెట్లు పడితే ఊరు లేచిపోవలసిందే.

ఎల్లమంద చేతిలోని నూనె కుండ కింద పెట్టి ముందుకొచ్చాడు.

"ప్రభూ, ఒక మనవి. తోపు కొట్టినా ఆ నీళ్లు ఇంతకంటే వేడెక్కవు."

"ఏమిట్రా?"

"నూరు బండ్లు కాదు, వెయ్యి బండ్లు తగలేసినా వేడెక్కవు. ఏలినవారి గంగాళం వేడి, నా ఒక్క వత్తి దీపం వేడికి సరిరాదు."

సభ గొల్లుమంది. అవధానులు గారు నవ్వలేక దగ్గు తెచ్చుకున్నాడు.

"నీ ప్రమిదలో పప్పు వండుతావా ఎల్లమందా?"

"వండలేనండి, అవధానులు గారూ. ఉన్న మాటే చెబుతున్నాను. మూడు వందల మందికి పప్పు వండే వేడి ఆ గంగాళంలోనే ఉంది, నా ప్రమిదలో లేదు. కాని వేడి ఎంత ఉంది అన్నది ఒకటి, ఎంత వేడిగా ఉంది అన్నది ఇంకొకటి."

"మాటలు కట్టిపెట్టి చేసి చూపించు. ఓడితే?" అన్నాడు రాజు.

"ఓడితే కొలువు వదిలేస్తాను. మా ఊళ్లో మొదటి చెట్టు నా చేత్తోనే కొడతాను. గెలిస్తే తోపు జోలికి ఎవరూ రాకూడదు."

రాజు మీసం మెలేసి, "సరే" అన్నాడు.

దీపాలు చూసేవాళ్ల దగ్గర గంధకం ఉంటుంది. సన్నటి పుల్లల కొసలు కరిగిన గంధకంలో ముంచి ఆరబెట్టుకుంటారు. ఆ కొసని నిప్పుకి తాకిస్తే భగ్గుమంటుంది, దాంతో దీపం వెలిగిస్తారు. ఎల్లమంద ఉసిరికాయంత గంధకపు ముక్కలు రెండు తెచ్చాడు. రెండు చిన్న రాగి గిన్నెలు తెప్పించి ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క వేశాడు.

"ఒక గిన్నె గొలుసు కట్టి గంగాళం నీళ్లలోకి దింపుదాం. నీళ్లు గిన్నె మెడదాకా ఉండాలి, లోపలికి పోకూడదు. రెండోది నా దీపం మీద పెడతాను. ఎవరి ముక్క కరిగితే వాళ్లది గెలుపు. ఏలినవారు ముందు మొదలుపెట్టండి. నేను తీరిగ్గా మధ్యాహ్నం వెలిగిస్తాను."

"పొగరు చూశారా!" అన్నాడు రాజు, కోటలో ఉన్న పాత కట్టెలన్నీ తెప్పిస్తూ.

ఆ రోజు పప్పు వేయకుండా ఉత్త నీళ్లే కాచారు. మంట లేచింది. నీళ్లు కుతకుతమన్నాయి, తర్వాత ఎగిరి దూకాయి. ఆవిరికి వంటశాలలో ఎదుటి మనిషి కనిపించలేదు. చిట్టెన్న కడవలకు కడవలు నీళ్లు వేడి చేసి పోస్తూనే ఉన్నాడు. రాజు అంగవస్త్రం నడుముకి చుట్టి తనే కట్టెలు ఎగదోశాడు. కుడి మీసం కొస కాస్త కాలింది. అవధానులు గారి చేత విసనకర్ర పట్టించాడు.

"కరిగిందా?"

"లేదు ప్రభూ."

"ఇంకో బండి వెయ్యండి!"

నలభై బండ్ల కట్టె బూడిదైంది. గొలుసు పైకి లాగి చూస్తే, గంధకం ముక్క పచ్చగా, గట్టిగా, పెట్టినట్టే ఉంది.

ఎల్లమంద అప్పటిదాకా గుమ్మం దగ్గర కూర్చుని సద్దిమూట విప్పి రొట్టె తింటున్నాడు. చెయ్యి కడుక్కుని లేచి, ఇప్పనూనె పోసిన ప్రమిదలో ఒక్క వత్తి వేసి వెలిగించాడు. రెండో గిన్నెని పట్టుకారుతో పట్టుకుని మంట మీద ఉంచాడు. అందరూ మెడలు సాచి చూస్తున్నారు. ముక్క అంచులు చెమర్చాయి. ఇంకాసేపటికి మొత్తం కరిగి తేనెలా గిన్నెలో తిరిగింది.

"మోసం!" అన్నాడు అవధానులు, చెమట తుడుచుకుంటూ. "ఇది మెత్తటి గంధకం, గంగాళంలోది గట్టి గంధకం. గిన్నెలు మార్చు!"

"మీరు అడగకపోతే నేనే అడిగేవాణ్ణండి" అన్నాడు ఎల్లమంద.

గంగాళంలోంచి తీసిన ముక్కని దీపం మీద పెట్టాడు. కరిగింది. రెండో గిన్నెని కూడా ఓసారి మంట మీద తిప్పి, తేనెలా ఉండగానే గొలుసుకి కట్టి, దూకుతున్న మరుగునీళ్లలోకి దింపాడు.

"కట్టెలు ఆపకండి ప్రభూ. బాగా మండించండి."

రాజు మండించాడు. ఒక అరటిపండు తినేంతసేపు ఆగి గొలుసు లాగారు. గిన్నెలో గంధకం గడ్డకట్టి ఉంది. చిట్టెన్న గిన్నె బోర్లించాడు. ముక్క ఠంగుమని నేల మీద పడింది.

ఎల్లమంద చేతులు జోడించాడు.

"ప్రభువు నలభై బండ్ల మంట వేసి నా గంధకాన్ని చల్లార్చారు. ఎంతో చల్లని చెయ్యి!"

రాజు ఆ ముక్క వైపు చూశాడు. మసిబారిన తన చేతుల వైపు చూసుకున్నాడు. పక్కన అవధానులు ఇంకా అలవాటుగా విసురుతూనే ఉన్నాడు. రాజుకి ముందు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు, ఆ తర్వాత వంటశాల మొత్తం దద్దరిల్లేలా నవ్వాడు. నవ్వి నవ్వి కట్టెల మోపు మీద కూలబడ్డాడు.

"ఒరే, మరి నా మంట అంతా ఏమైపోయిందిరా?"

"ఆవిరై చూరులోంచి పోయింది ప్రభూ. నీళ్లు మరిగేదాకా ఎంత మంట పెడితే అంత వేడెక్కుతాయి. మరగడం మొదలయ్యాక ఇంక ఎక్కవు. ఆపైన ఎంత మంట పెట్టినా ఆవిరై లేచి వెళ్లిపోతాయి, అంతే. మరుగుతున్న నీళ్లని తిట్టి ఏం లాభం? వాటికి చేతనైనంతా చేస్తున్నాయి."

"ఇది నీకెలా తెలిసింది?"

"పుల్లలు ముంచడానికి గంధకం కరగాలి కదండి. దీపం నూనె ఎందుకు దండగని, గిన్నె తెచ్చి చిట్టెన్న మరిగించే నీళ్లలో పెట్టాను. పొద్దుట్నుంచి సాయంత్రందాకా కాపలా కూర్చున్నాను. కరగలేదు. ఆ రోజు నన్ను చూసి చిట్టెన్న నవ్వాడు."

"నవ్వాను ప్రభూ" అని ఒప్పుకున్నాడు చిట్టెన్న.

"మరి నా పప్పో?"

"పప్పు తెల్లవారగట్లే నానబెట్టించండి. నీళ్లు మరిగాక మంట తగ్గించి మూత పెట్టించండి. సగం కట్టె చాలు. చిట్టెన్న వేళకి ముందే వడ్డిస్తాడు."

రాజు అక్కడే, మసి చేతులైనా కడుక్కోకుండా, ఇప్పతోపు ఇప్పగూడెం వాళ్లదేనని, అందులో కొమ్మ కొట్టినా శిక్ష తప్పదని శాసనం రాయమన్నాడు. తన మెడలోని హారం తీసి ఎల్లమంద మెడలో వేశాడు.

"ఇంకో అధికారం కూడా ఇస్తున్నాను. ఈ రాజ్యంలో ఏ పొయ్యి కింద అక్కర్లేని కట్టె కనిపించినా నువ్వు లాగెయ్యొచ్చు. పెట్టింది నేనైనా సరే."

ఎల్లమంద హారం సర్దుకుని, కాస్త దగ్గరగా జరిగి మెల్లిగా అడిగాడు.

"ఏలినవారి కోపం కింద అవధానులు గారు పెట్టే కట్టెలు కూడానా, ప్రభూ?"

అవధానులు విసనకర్ర జారవిడిచాడు. రాజు కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వుతూ, "ముందు అవే లాగరా!" అన్నాడు.